గొడవ పడని పొలం

తిరుప్పూరు
కార్తిక నెల

ప్రియమైన మామకు,

బాగున్నావా? వేళకు తింటున్నావా? ఫోన్ చేయలేదని అలగకు. ఈ హాస్టల్లో మా ఫోన్లు తీసి పెట్టుకున్నారు. ఆదివారం మాత్రం ఇస్తారు, అదీ వార్డెనమ్మ పక్కన నిలబడి వింటేనే. మన తెలుగు చెవిన పడితే ఆమెకు ఒళ్ళు మంట. ఏం దాస్తున్నావని తమిళంలో అరుస్తుంది. అందుకే మన మాటల్ని తమిళ అక్షరాల్లో కాగితం మీద పెట్టి పంపుతున్నాను. కూడబలుక్కుని చదువుకో.

రాజపాళయంలో వాన దంచిందట, మన చెరువు, కణ్మాయి నిండి అలుగు పారిందట. ఇక నిన్ను పట్టగలమా! చెరువు తూము తెరిచే రోజుల్లో నీ నడకే వేరు. మీ తాత, మీ నాయన తరువాత ఆ పొలాలన్నిటికీ వంతుల వారీగా నీళ్ళు పంచే నీరుకట్టివి నువ్వే కదా. మీసం కూడా ఒక చుట్టు ఎక్కువ తిరుగుతుంది.

పెళ్ళయ్యాక మనం కొన్న పొలం సంగతి రాయి. వానలకు ముందు ఆడి నెలలో నేను సెలవుకు వచ్చినప్పుడు నా పేరున రిజిస్టర్ చేయించిన ఆ చివరి మడి గురించే అడుగుతున్నాను. మీ వైపూ మా వైపూ ఇంతవరకూ ఎవరికీ లేని పొలం. నాటు పడిందా? ఇక్కడ మిషన్ మీద బనియన్లు కుడుతుంటే కళ్ళ ముందు అదే ఆడుతోంది.

ఎదురు చూస్తూ,
నీ ధనం

*

రాజపాళయం
మార్గళి నెల

ప్రియమైన ధనానికి,

నేను కుశలం. నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి, అయినా రెండుసార్లు చదివాను.

ఇక్కడ నీళ్ళు వదిలాం. వదిలిన రోజు నుంచీ అందరికీ అందరి మీదా అనుమానమే. వంతు కాకుండా ఎవడు గండి కొట్టుకున్నాడా అని తెల్లారగానే ఒకరి గట్టు ఒకరు తొంగి చూస్తారు. నిన్న ఎండ్రకాయ చేసిన బొక్క కోసం సుదర్శన, రామలింగ చొక్కాలు పట్టుకున్నారు. నేను వెళ్ళి మమ్మట్టి పారను నేలకు ఆనించి నిలబడ్డాను. ఇద్దరూ చొక్కాలు వదిలేశారు. "ఇరులప్పన్ చెప్పినాడంటే సరి" అన్నాడు సుదర్శన. ఇంకేం కావాలి చెప్పు.

పొలానికేం, ఉంది. ఎక్కడికి పోతుంది? ఒక్క మాట. అక్కడ మనవైపు ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గర పొలం ఊసు ఎత్తకు. దిష్టి తగులుతుంది. ఈ నెల సెలవు కూడా పెట్టకు. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదట, నువ్వు నలిగిపోతావు.

ఇట్లు,
నీ ఇరులప్పన్

*

తిరుప్పూరు
తై నెల

మామకు,

ఈసారి 'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు.

నన్ను రావద్దన్నావు. బస్సులో నలిగిపోతానని అంత ప్రేమ ఎప్పటి నుంచి? పెళ్ళయిన కొత్తలో తళవాయిపురం తిరునాళ్ళకు నిలబెట్టి తీసుకుపోయావు, అప్పుడు లేని ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందే అని నీ ఉత్తరం చదివిన రోజే అనుకున్నాను.

నా పక్క మంచం వెన్నిలా పోయిన వారం ఊరికి వెళ్ళి వచ్చింది. మన పొలం చూసి రమ్మని నేనే చెప్పాను. అవును, చెప్పాను. నా పొలం నేను చెప్పుకోకూడదా? ఆ పిల్ల వచ్చి సంచి కూడా దించకుండా, "అక్కా, చుట్టూ పచ్చగా ఉండాది, మీది మాత్రం బీటలు తీసినాది. నాటిన నారంతా ఎండిపోయినాది" అంది. ఊరందరికీ నీళ్ళు కట్టే మనిషి పెళ్ళాం పొలం ఎండడమేమిటి మామా?

అంతటితో అయిపోలేదు. ఆ పొలం ఎవరిదని అక్కడ ఏమీ ఎరగనట్టు అడిగిందట. మూక్కమ్మాళ్ది అన్నారట! మొగుడు పోయి ఒంటరిగా ఉండే మూక్కమ్మాళ్. నీకు మరదలి వరస. సాయంత్రమైతే నువ్వు ఆమె అరుగు మీదే ఉంటున్నావట. చేపల కూర గిన్నెలో పోసుకుని తీసుకుపోయావట. నాకు ఎప్పుడైనా చేపలు కడిగి ఇచ్చావా నువ్వు?

నా వేళ్ళలో సూదులు దిగి సంపాదించిన పొలం అది. దాన్ని ఆమెకు రాసిచ్చావా, ఆమెతో కలిసి నన్ను ఏమారుస్తున్నావా? తిండి సహించడం లేదు. నిజం రాయి. రాయకపోతే నేనే వస్తాను, వచ్చేది చీపురుతోనే.

ధనం

*

రాజపాళయం
తై నెల ఆఖరు

ప్రియమైన ధనానికి,

మూక్కమ్మాళ్తో నాకు ఏమీ లేదు. మన బిడ్డ లేని ఇంటి మీద ఒట్టు. ఆ చేపల కూర అబద్ధానికి కూలి.

నీరుకట్టికి సెంటు భూమి కూడా ఉండకూడదు. ఉంటే చెయ్యి తన మడి వైపే వంగుతుందని పెద్దలు ఎప్పుడో పెట్టిన కట్టుబాటు. ఆ కాలం పోయిందిలే అన్నావు నువ్వు. నీ ముఖంలో ఆ సంతోషం చూసి నేనూ సరే అనేశాను. కానీ రిజిస్టర్ ఆఫీసు మెట్లు దిగుతున్నప్పుడే ఈ సంగతి ఊరికి తెలియనివ్వకూడదు అనుకున్నాను. అమ్మినవాడు మదురైలో ఉంటాడు కాబట్టి ఇక్కడ ఎవరికీ తెలియదు. అందుకని ఆ పొలం మూక్కమ్మాళ్ కొన్నదని చెప్పి పెట్టాను. ఆమె మరిచిపోకుండా రోజూ వెళ్ళి గుర్తు చేయాల్సి వచ్చేది.

నారు నేనే నాటాను. ఆ మడి వంతు వచ్చిన రోజు మాత్రం చెయ్యి ఆడలేదు ధనం. ఎవరో చూస్తున్నారనిపించింది. ఆ నీళ్ళు సుదర్శన పొలానికి తిప్పేశాను. తరువాత వంతుకూ అంతే. పైరు ఎండుతుంటే తల తిప్పుకుని పోయాను.

మొన్న చావడికి పిలిచారు. బాలగోపాల అయ్యగారు నీకు తెలుసు కదా, సగం ఆయకట్టు వాళ్ళదే. గవర్నమెంటు పెట్టించిన కొత్త నీటి సంగానికీ ఆయనే పెద్ద, తలైవర్. పొలం ఉన్నవాళ్ళంతా సభ్యులు, వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఇరులప్పా, ఇన్ని పొలాల్లో నీళ్ళు రాలేదని నీతో గొడవ పడని పొలం ఒక్కటే ఉండాది. ఎండిపోయినా కేక వేయడానికి ఒక్కరూ రాలేదు. అప్పుడే నాకు సందేహం వచ్చినాది" అన్నారు ఆయన.

మూక్కమ్మాళ్ను పిలిపించి, "నీ పొలానికి ఎడమ గట్టు ఎవరిది?" అని అడిగారు.

"నాకెట్ల తెలుస్తాది సామీ? ఇరులప్పన్నే అడగండి, ఆయనదే కదా పొలం!" అంది ఆ మహాతల్లి.

అందరూ నవ్వారు. నేను చచ్చిపోయాను. తన పొలానికి నా నీళ్ళు తాగించిన సుదర్శనే, నేను ఇన్నేళ్ళూ ఏమేం దాచానో అన్నాడు. మమ్మట్టో పొలమో, రెంటిలో ఒకటి వదలమన్నారు. వచ్చే వంతు లోపల చెప్పాలి.

పొలం నీ పేరున ఉంది. నువ్వు వచ్చి సంతకం పెడితే అమ్మేద్దాం. నన్ను తిట్టు, కొట్టు. కానీ మా తాతనూ, మా నాయననూ, నన్నూ నమ్మి ఇచ్చిన మమ్మట్టి అది. ఆ నమ్మకం పోతే ఈ ఊళ్ళో నేనెవరిని?

నీ జవాబు కోసం,
ఇరులప్పన్

*

తిరుప్పూరు
మాసి నెల

ప్రియమైన మామకు,

'ప్రియమైన' మళ్ళీ వచ్చింది, చూశావా? మూక్కమ్మాళ్ మాట చదివి నేనూ వెన్నిలా కడుపు పట్టుకుని నవ్వాం. వార్డెనమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ తరువాత కూర్చుని బాగా ఏడ్చాను.

నమ్మి ఇచ్చారన్నావు. కాదు మామా. అనుమానించి ఇచ్చారు. పొలం ఉంటే వీడు దొంగవుతాడని ముందే అనుకుని, పొలమే లేకుండా చేసి, మమ్మట్టి చేతికిచ్చి దానికి నమ్మకమని పేరు పెట్టారు. ఆ కట్టుబాటు పెట్టినవాళ్ళకు పొలాలు ఉన్నాయా లేవా? వాళ్ళ చేతులు ఎటు వంగుతాయో ఎవరైనా చావడికి పిలిచి అడిగారా?

ఇక్కడ రోజూ గేటు దగ్గర మా సంచులు తడుముతారు, జడ కూడా విప్పి చూస్తారు. మా కంపెనీ సొంతదారు ముదలాళి కారు తడిమిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మీ చావడి మీ తాతల నాటిది, మా గేటు నిన్న మొన్నటిది. నాకు రెంటికీ తేడా కనిపించడం లేదు.

నేను సంతకం పెట్టను. మమ్మట్టి ఉంచుకుంటావో, తీసుకెళ్ళి బాలగోపాల అయ్యగారి గుమ్మంలో ఆనిస్తావో నీ ఇష్టం. అది నీది. పొలం నాది. పొలం ఉన్నవాళ్ళందరూ సంగంలో సభ్యులని నువ్వే రాశావు కదా, అయితే అక్కడ నాకూ ఒక కుర్చీ ఉండాలి.

ఈ పైరు పోయింది, పోనీ. ఇంకో వంతు నీళ్ళు వస్తే మినుములైనా చల్లుకుందాం.

శుక్రవారం బస్సెక్కుతున్నాను. ఇంటికి రాను, నేరుగా కణ్మాయి గట్టుకే వస్తాను. అయ్యగారినీ, సుదర్శననూ, అందరినీ ఉండమను. వాళ్ళ ముందే నీ దారికి అడ్డం నిలబడి, నా పొలానికి వంతు నీళ్ళు ఎందుకు రాలేదు, ఎవరి మడికి తిప్పావు అని ఊరంతా వినేలా అడుగుతాను. అందరికీ చెప్పినట్టే నాకూ జవాబు చెప్పాలి నువ్వు.

ఆలోచించి పెట్టుకో మామా. చేపలు కూడా కడిగి పెట్టు.

ఇట్లు,
చివరి మడి సొంతదారు,
నీ ధనం