గైడు నవ్విన ఫొటో

ఆదివారం, రాత్రి

చాలా అలిసిపోయాను. పొద్దున ఆరాధన అయ్యాక అందరూ అడిగితే, చర్చి హాల్లో టీవీకి ఫోన్ కలిపి టూరుకెళ్లినప్పుడు తీసిన ఉత్తర కొరియా ఫొటోలు చూపించాను. నాట్లేస్తున్న ఆడవాళ్లను చూసి, "ఇది మన బంటుమిల్లే కదమ్మా!" అని సుగుణ ఆంటీ నవ్వారు.

ఆ వరసలోనే ఆ ఫొటో కూడా వచ్చేసింది. మాతో తిరిగిన గైడమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని, సముద్రంలో నిలబడి పగలబడి నవ్వుతోంది. "ఇది మాత్రం ఎవరికీ చూపించకండి" అని ఆ రోజే బతిమాలింది. గబుక్కున తర్వాతి ఫొటోకి జరిపేశాను.

సాయంత్రం చర్చి వాట్సాప్ గ్రూపులో అదే ఫొటో. "అక్కడ బాధపడుతున్న ఈ చెల్లి కోసం ప్రార్థించండి" అని కింద రాశారు. సుగుణ ఆంటీ అప్పటికే టీవీ తెరను తన ఫోన్‌తో ఫొటో తీసుకున్నారట.

ఫోన్ చేశాను. "ఆంటీ, తీసేయండి. అక్కడి ప్రభుత్వం కంట పడితే ఆ అమ్మాయికి ప్రమాదమండీ."

"అయ్యో తల్లీ, తీసేస్తాను. కానీ గుడివాడ వాళ్లకి, అవనిగడ్డ వాళ్లకి కూడా పంపేశానే! మంచిదే కదా అని..."

ఆవిడ ఏడ్చేశారు. నేనే ఓదార్చాల్సి వచ్చింది.

ఇందాక గుడివాడ నుంచి ఎవరో మెసేజ్ పెట్టారు. "ఆంటీ మీ నంబరిచ్చారండీ. ఆ చెల్లి పేరు చెప్తే, పేరు పెట్టి ప్రార్థన చేస్తాం."

తెలీదని జవాబిచ్చాను. తెలుసు. ఇక్కడ కూడా రాయను.