ఒక్క సెట్టు బ్రేకులు

క్లాంగ్, మలయా. ఆదివారం. మెర్డెకా అయి, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మూడు వారాలు.

మా కార్ల కంపెనీ రెండు రేసు జట్లకు సామాన్లిస్తుంది. ఒకటి రబ్బరు తోటల తెల్లదొరలది, రెండోది మా అబ్బాయి అప్పన్నది. ఇద్దరూ సమానమే అంటూనే మేనేజరు దొర కొత్త ఇంజను ఎప్పుడూ దొరలకే పంపేవాడు. ఈసారి కొత్త బ్రేకులు ఒక్క సెట్టే వచ్చాయి. "స్టోరు నీది, నువ్వే పంచు," అని తప్పుకున్నాడు. కొడుక్కి దోచిపెట్టాడన్న మాట పడలేక దొరలకే ఇచ్చాను. ఇన్ని పుస్తకాలు చదివి నేర్చుకున్న ధర్మం అది.

పోయిన వారం రేసులో, మలుపు దగ్గర అప్పన్న పాత బ్రేకులు పట్టలేదు. మోకాలి కింద కాలు తీసేశారు. ఇవాళ ఆసుపత్రిలో నెమ్మదిగా అన్నాడు: "కొత్తవి ఆళ్ళకిచ్చినావంట గదా అయ్యా. నాకో మాట సెప్పుంటే మెల్లగా తోలుదును."

బయట వరండాలో మేనేజరు నా భుజం తట్టి, నీలాంటి నిష్పక్షపాతి లేడన్నాడు.

థాంక్యూ సర్ అన్నాను.