దింపు ఆపిన తోట

మామిడికుదురు
మే 6

ప్రియమైన స్టెల్లాకు,

వందనాలు. ఫోను తీయడం లేదని కోపం తెచ్చుకోకు. అది మోగితే ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి. అందుకే కట్టేసి బీరువాలో పడేశాను. ఇక మనకి ఉత్తరాలే.

హేమ చెయ్యి ఎలా ఉంది? వంటపాక రేకు మీద పడింది కొబ్బరికాయని నాకు తరవాత తెలిసింది. ఆ క్షణాన నేను ఇంకా, పనికెళ్ళి యుద్ధంలో చిక్కుకున్న ఆ ఖార్టూమ్‌లోనే ఉన్నాను. బాంబనుకుని బిడ్డను కిందకి లాగి మీద పడుకున్నాను. అది నొప్పని ఏడుస్తున్నా వినపడలేదు. నువ్వు దాన్ని కాకినాడ మీ అక్కయ్య ఇంటికి తీసుకెళ్ళడమే మంచిదైంది.

కొబ్బరి దింపుకి రావద్దని వీరన్నకి చెప్పేశాను. అతను చెట్టెక్కి గెలలు నరికితే ఆ దబదబలు నావల్ల కాదు. తోట నిశ్శబ్దంగా ఉంటే నేనే కుదుటపడతాను. అప్పుడు వద్దురుగాని.

నీ ఎలీషా


కాకినాడ
మే 13

ప్రియమైన హేమ నాన్నగారికి,

పాప చేతికి కట్టు విప్పారు, బాగానే ఉంది. బాగోలేనిది మీరు. "పగలు కూడా మంచం కిందే ఉంటన్నాడమ్మా, కంచం అక్కడికే తోస్తన్నాను" అని అత్తయ్యగారు ఫోన్లో ఏడ్చారు.

తోటల్లో పుట్టి పెరిగిన మనిషి, దింపు ఆపితే కాయలు చెట్టునే ఉండిపోతాయా అండీ? ముదిరి వాటంతటవే రాలవూ? అమలాపురంలో డాక్టరుకి చూపించుకోండంటే "నేనేమన్నా పిచ్చోణ్ణా" అని కసిరారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. మీరంటే నాకు ప్రాణం, కానీ పాపని మళ్ళీ ఆ ఇంట్లో పడుకోబెట్టే ధైర్యం లేదు. బడులు తెరిచేలోగా వైద్యం మొదలుపెట్టకపోతే ఇక్కడే చేర్పించేస్తాను.

మీ స్టెల్లా


మామిడికుదురు
మే 22

స్టెల్లా,

నువ్వన్నట్టే కాయలు రాలుతున్నాయి. ఏది ఎప్పుడు పడుతుందో తెలియదు. దాని కోసం చెవులొగ్గి కూర్చోవడమే నా పనైపోయింది. నిన్న అమ్మ మంచినీళ్ళు తెస్తే, ఎవరో అనుకుని, పక్కన పెట్టుకుంటున్న కొబ్బరి కత్తి ఎత్తాను. గ్లాసు వదిలేసి గోడకి అతుక్కుపోయింది.

మీరు రాకండి. హేమను అక్కడే చేర్పించు. నాన్న మళ్ళీ పనికి పై దేశం వెళ్ళాడని చెప్పు.

ఎలీషా


మామిడికుదురు
జూన్ 2

ప్రియమైన స్టెల్లాకు,

వీరన్నని పంపింది నువ్వేనట. నన్ను చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కొచ్చి దూరంగా నిలబెట్టాడు. "ఆయ్, ప్రతీ గెలా చెప్పే కొడతానండి" అని చెట్టెక్కాడు. "ఎలీషాగారూ, పడతందండీ" అని అరిచి, నేను చెయ్యెత్తాకే నరికాడు. మొదట్లో చెవులు మూసుకుని కూలబడిపోయాను. చివరి చెట్లకి నిలబడే ఉన్నాను. అదే దబ్బుమనే చప్పుడు, కానీ ముందే తెలిసింది కదా.

అప్పుడు ఏడుపొచ్చింది. నీకు ఎన్నడూ చెప్పలేదు. అక్కడ నాతో పనిచేసిన జొన్నాడ కుర్రాడు పవన్ నీళ్ళకని మెట్లు దిగుతుంటే బాంబుల విమానం వచ్చింది. నేను చూశాను. అరవబోతే గొంతు రాలేదు. వాడు ఆ మెట్ల మీదే పోయాడు.

మర్నాడు వీరన్న బండి మీదే అమలాపురం వెళ్ళాను. ఇది పిచ్చి కాదట, యుద్ధం చూసినవాళ్ళకి వచ్చే జబ్బేనట. మందులిచ్చి, వారం వారం వచ్చి మాట్లాడమన్నారు. ఇంకా మంచం కింద దూరుతున్నాను, నీకు అబద్ధం చెప్పను. కత్తి వీరన్న ఇంట్లో పెట్టించాను. హేమను ఒక్క పూట చూపిస్తావా? వెనకనుంచి వచ్చి పట్టుకోవద్దని చెప్పు. ముందే పిలవమను.

నీ ఎలీషా


కాకినాడ
జూన్ 7

ప్రియమైన మీకు,

పవన్ సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. అంత బరువు ఒక్కరే ఎలా మోశారండీ?

బడిలో ఇంకా చేర్పించలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాం, సాయంత్రం బస్సుకి వచ్చేస్తాం. ఇప్పటికి అంతే, నొచ్చుకోకండి. నాకింకా భయంగానే ఉంది.

వీధి గుమ్మం దగ్గర్నుంచే నాన్నను పిలవాలని పాపకి చెప్పాను. నాన్నకి వినపడకపోతే దగ్గరకి వెళ్ళకు, నా పక్కనే ఆగిపో అన్నాను. దానికి అది, "ఆగి, మళ్ళీ పిలుస్తానమ్మా" అంది.

మీ స్టెల్లా