పరకాల నిమ్మచెట్టు

ఆదివారం, రాత్రి

ఇవాళ పరకాల వెళ్లొచ్చాను. నా పాత తోటపని మాసపత్రికలు సర్దుతుంటే పాఠకుల పేజీలో ఒకామె ప్రశ్న కనబడింది: "మా నిమ్మచెట్టు పూస్తుంది, కాయదు. ఏం చేయాలి?" జవాబు తర్వాతి సంచికలోనట. అది నా దగ్గర లేదు. అప్పటినుంచి ఆ చెట్టు మనసులోంచి పోవడం లేదు.

పేరు, ఊరు అచ్చయి ఉన్నాయి కాబట్టి అడుగుతూ వెళితే ఇల్లు దొరికింది. సుశీలమ్మ ఇప్పుడు బాగా ముసలామె. పత్రిక చూపిస్తే నవ్వింది.

"గిది నేను రాసిందే బిడ్డా. వాళ్లు చెప్పినట్టే చేసిన, కాయలేదు. ఇగ నరుకుదామనుకున్న ఏడే కాసింది. జర కూసో, చాయ్ పెడ్త."

పెరట్లో చెట్టు నిండా కాయలే. చాయ్ తాగుతుంటే అడిగింది.

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"అందరం ఉంటం," అన్నాను. ఎందుకలా అన్నానో! సుబేదారిలో ఒక్కదాన్నే ఉంటానని చెబితే పోయేదేముంది?

"మంచిగున్నది," అంటూ తనే పెద్ద సంచి నిండా కాయలు కోసిచ్చింది. "పచ్చడి పెట్టు, అందరు తింటరు."

సంచి వంటింట్లో ఉంది. మళ్లీ వెళితే ఇంట్లో అందరికీ పచ్చడి నచ్చిందా అని అడుగుతుంది. వెళ్లాలనే ఉంది...