కుడి భుజం మీద బెల్టు గుర్తు

సిరిసిల్ల,
8 ఆగస్టు 2024.

కోరుట్లలో ఉన్న మా అన్నయ్య జితేందర్‌కు చెల్లెలు శ్రీవాణి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నా ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి ఈ ఉత్తరం.

నిన్న జగిత్యాల ఆస్పత్రికి పోయి, నీ కారు గుద్దిన మోటార్‌సైకిల్ మనిషిని చూశాను. పేరు చిన్నయ్య, ఊరు రాయికల్. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది, మోకాలి కింద ఎముక నుజ్జయింది. మీ అన్న ఒక్కసారన్న వచ్చి చూడకపాయె గదమ్మా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం కోర్టులో, కారు నేనే నడిపానని నీ డ్రైవర్ జాన్ ఒప్పుకుంటాడట. లోపలికి పోయినా నీ ఇల్లు నేను జూస్కుంట అని మాటిచ్చావట. వాడి భార్యకు నెలలు నిండాయి. ఇన్నేళ్లు నీ బట్టల వ్యాను నడిపినవాడి బతుకు నీ కారుకు దిష్టి తీయడానికా?

పూజ చేయించిన కొత్త కారును యజమానే ఇంటిదాకా తోలాలని ఎవరు చెప్పారు నీకు? నిమ్మకాయలు తొక్కించి దిగితే సరిపోయేది. లైసెన్సు లేదు, నడపడం సరిగా రాదు. సార్, ఇగ నేను నడుపుత, మీరు ఇటు కూసోండ్రి అని జాన్ బతిమాలినా వినలేదు. పైగా అమ్మను వెనక కూర్చోబెట్టుకున్నావు.

నాకెట్లా తెలుసంటావా? మర్నాడు నీ ఛాతీకి ఉప్పు కాపడం పెట్టింది నేనే. బెల్టు ఒరుసుకుని కమిలిన గుర్తు నీకు కుడి భుజం మీద నుంచి దిగింది. జాన్‌కు ఎడమ భుజం మీద ఉంది. స్టీరింగు ముందు కూర్చున్నవాడికే బెల్టు కుడి భుజం మీదుగా వస్తుంది. ఆ రోజు నీ నొప్పి చూసి ఏడ్చాను. ఇప్పుడు నిన్ను తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. సోమవారం లోపల నువ్వే పోయి నిజం చెప్పు.

నీ మీద కోపం చల్లారని చెల్లెలు,
శ్రీవాణి

తా.క.: అమ్మ మొన్న నా దగ్గరికి వచ్చింది. వెనక సీట్లో బెల్టు లేక ముందు సీటుకు కొట్టుకుని పండ్లు పోగొట్టుకుంది కదా. నిద్రపోయిన, ఏం జూడలే అని పోలీసులకు చెప్పింది నీ కోసమేనట. అంతా కళ్లారా చూసిందట. నువ్వు పోకుంటే సోమవారం నన్ను కోర్టుకు తోల్కపో బిడ్డా అంటోంది. పండ్లు లేక మాట సరిగా రావడం లేదు. జడ్జికి సమజయ్యేదాక మల్ల మల్ల చెప్త అంటోంది.