మీరు కొట్టేసిన మాట

ఏమండీ,

ఎలా ఉన్నారని అడగొచ్చో లేదో తెలియడం లేదు. మీరు పోయి పద్నాలుగు నెలలు. నేను బాగానే ఉన్నాను... బీపీ మాత్ర మర్చిపోకుండా వేసుకుంటున్నాను.

నిన్న సారపాక కాలనీలో మన నాటకం మళ్లీ వేశారు. ఇరవై ఏళ్లు మీరు భర్త వేషం కట్టిన ఆ పాత నాటకమే. మీ వేషం మిల్లులో మీ షిఫ్టులో పనిచేసిన రాజేందర్‌కి ఇచ్చారు. భార్య వేషానికి ఎప్పటిలాగే ఖమ్మం నుంచి లేడీ ఆర్టిస్టు వచ్చింది. నేనూ ఎప్పటిలాగే స్టేజి పక్క వింగులో స్టూలు మీద, ఒళ్లో నాటకం రాసుకున్న మీ నోట్‌బుక్కుతో, మాట మర్చిపోయినవాళ్లకు అందించడానికి కూర్చున్నాను.

చివరి రంగం గుర్తుంది కదా? ఇల్లు వదిలి వెళ్తున్న భార్యతో భర్త "తప్పు నాదే" అనాలి. ఆ ఒక్క మాట మీరు ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు. "మొగోడు గట్ల ఒప్పుకుంటే జనం నవ్వుతరే!" అనేవారు. జనం కోసమేనా అది?

దుమ్ముగూడెంలో నాటకం వేయాల్సిన రోజు ఆర్టిస్టు రాలేదు. ఏళ్ల తరబడి అందించి అందించి ఆ వేషమంతా నాకు నోటికొచ్చని, నన్నే ఎక్కించమని అందరూ మిమ్మల్ని బతిమాలారు. నేనైతే అప్పటికే ఆ వేషానికని జడ విప్పి ముడి వేసుకున్నాను. మీరు నా వైపు చూడనైనా లేదు. "నా పెండ్లాం స్టేజి ఎక్కదు. సామాన్లు సర్దుండ్రి" అన్నారు. ట్రాక్టర్‌లో మడత పెట్టిన తెరల మీద కూర్చుని తిరిగొచ్చాం. ఆ సంగతి మళ్లీ మీరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా కోపం మాత్రం పచ్చిగానే ఉండిపోయింది.

దవాఖానాలో ఆ చివరి పొద్దున మీరు నా వైపు తిరిగి పెదవులు కదిపారు. స్టేజి మీద మాట గుర్తురాక వింగు వైపు చూసేవారే, అచ్చం అదే చూపు. మీకేం కావాలో నాకు తెలుసు. "పోనీలెండి" అని నేను ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను సెలైన్ సీసా వైపు చూస్తూ కూర్చున్నాను. ముందు "తప్పు నాదే" అని మీ నోటితోనే రావాలని పంతం... ఎంత పాపిష్టిదాన్నండీ!

నిన్న రాజేందర్ అక్కడికొచ్చి, తర్వాతి మాట గుర్తురాక ఆగాడు. మీ నోట్‌బుక్కు చూసి నేర్చుకున్నవాడు, అతనికి ఆ మాటే తెలియదు. ఎర్ర గీత కింద ఉన్నది నేను అందించాను. అతను ఒకసారి నా వైపు చూసి, ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

ఎవరూ నవ్వలేదండీ. ముందు వరుసలో ఒకాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అది మీరన్నట్టే తీసుకున్నాను. ఆ పొద్దున అనాల్సింది ఇప్పుడంటున్నా. పోనీలెండి... వినబడుతోందా?

ఉగాదికి దుమ్ముగూడెంలో వేస్తారట. భార్య వేషం నేనే కడతానని చెప్పేశాను. వింగులో స్టూలు మీద మీ నోట్‌బుక్కు పెడతాను. నేను మాట మర్చిపోయి అటు చూస్తే, నాలాగా ఊరుకోకండి.

మీ
సరోజ