పదహారేళ్ల ఖాళీ

జూన్ 3, మంగళవారం

మళ్లీ వెనక్కి పంపాడు. మూడోసారి.

ఉప్పల్ కమ్యూనిటీ కాలేజీ కౌంటర్లో కూర్చునే ఆ సార్ ముఖం ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. మొదటిసారి వెళ్తే — "డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమాకా? ఇంటర్ బైపీసీ ఉండాలమ్మా." ఉంది, మెమో తెచ్చాను. రెండోసారి — "టీసీ ఒరిజినల్ కావాలి." జనగామ పోయి, పాత కాలేజీలో సగం రోజు నిలబడి తెచ్చాను. ఈ రోజు ఆ టీసీ మీద తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"పదహారేళ్ల గ్యాప్ ఉంది. గ్యాప్ సర్టిఫికెట్ ఏది?"

చదువు ఆపినప్పటి నుంచి ఇప్పటిదాకా ఏం చేశానో స్టాంపు పేపర్ మీద ప్రమాణం చేసి రాయాలట. నోటరీ ముద్ర పడాలట. ఇవన్నీ మొదటి రోజే ఒక్కసారి చెబితే ఆయన నోరు అరిగిపోతుందా?

జూన్ 4, బుధవారం

ఈ ఏడాది కాకపోతే ఇక లేదు. డిసెంబర్ ముప్పై ఒకటి నాటికి ముప్పై ఐదు దాటకూడదని రూలు. నాకు వచ్చే ఫిబ్రవరిలో నిండుతాయి. కాగితాలన్నీ ఇవ్వడానికి ఇరవయ్యో తారీఖు ఆఖరు.

జూన్ 7, శనివారం

నాచారం. మధ్యాహ్నం అన్నం గంట. మందుల కంపెనీ ప్యాకింగ్ హాలు బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. మా లైన్లో పనిచేసే సువార్త పక్కనే టిఫిన్ డబ్బా మూతతో కుస్తీ పడుతోంది.

"డయాలసిసే ఎందుకక్కా? కంప్యూటర్ నేర్సుకోరాదా, ఏసీల సల్లగ కూసోవచ్చు" అంటుంది.

ఎందుకంటే అది నాకు వచ్చు. నాలుగేళ్లు అత్తమ్మను వారానికి మూడుసార్లు లాలాపేట్ ఫ్లైఓవర్ మీదుగా దవాఖానాకు తీసుకెళ్లాను. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ పక్కన స్టూలు మీద. సూదులు గుచ్చే చేతికి బీపీ పట్టా కట్టనిచ్చేదాన్ని కాదు. కొత్త నర్సు వచ్చినప్పుడల్లా కొట్లాటే. ఎక్కేముందు బరువు, దిగాక బరువు. అత్తమ్మకు ఆవలింతలు మొదలైతే బీపీ పడిపోతోందని, మిషన్ కూయకముందే నాకు తెలిసేది. అక్కడి టెక్నీషియన్ ఒకరోజు అన్నాడు — "అక్కా, నువ్వు గిన సదువుకున్నవంటే నా కుర్సీ పోతది." నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ మాట ఇంటికి తెచ్చుకున్నాను.

అత్తమ్మ పోయి రెండేళ్లు. బస్సు ఆ ఫ్లైఓవర్ ఎక్కితే ఇప్పటికీ పక్క సీటు వైపు చూస్తాను.

జూన్ 9, సోమవారం

ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన నోటరీ దగ్గరికి పోయాను. టైపు చేసే అతని దగ్గర అన్నిటికీ తయారు మాటలున్నాయి. అద్దె కాగితానికొకటి, పేరు మార్పుకొకటి, గ్యాప్‌కొకటి. నా పేరు, నాన్న పేరు, సంవత్సరాలు నింపి చేతిలో పెట్టాడు.

"పై కాలంలో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరలేదని, ఏ ఉద్యోగమూ చేయలేదని, ఇంటి వద్ద ఖాళీగా ఉన్నానని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను."

రెండుసార్లు చదివాను.

"ఇది నిజం గాదన్నా. నేను పనిజేసిన."

"అందరు గిదే ఇస్తరమ్మా. జేసిన అంటె జేసినట్టే రాస్త. కంపెనీ లెటర్ జతజెయ్యాలె. ఉన్నదా?"

లేదు.

"మరి ఖాళీగున్నట్టే."

సంతకం పెట్టకుండా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. ఖాళీగా ఉన్నానట. మూడేళ్లు జనగామ దగ్గర పత్తి చేలల్లో ఖాళీగా ఉన్నాను. ఇద్దరు పిల్లల్ని కని ఖాళీగా ఉన్నాను. రెండేళ్లు పీర్జాదిగూడలో జాకెట్లు కుట్టి, ఐదేళ్లు నాచారంలో మందుల పెట్టెలు మూసి, నాలుగేళ్లు అత్తమ్మను మోసి, మళ్లీ రెండేళ్లుగా అవే పెట్టెలు మూస్తూ... ఖాళీగా ఉన్నాను. రాసిన వాడెవడో ఒక్క రోజు నా ఖాళీలో ఉండి చూడాలి.

జూన్ 10, మంగళవారం

మా ఆయన పొద్దున టీ తాగుతూ ఆ కాగితం చదివాడు. ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆగిపోయింది, బాగుచేయడానికి రమ్మని అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది.

"సంతకం వెట్టరాదా? కాగితమే గదా. ఎవడు సదువుతడు?"

"నువ్వు సదివినవ్ గదా. నీకేం తప్పు గనవడలేదా?"

హెల్మెట్ పెట్టుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు. "మా అమ్మకు నువ్వు జేసింది గీ కాగితాలల్ల యాడ పడ్తది" అన్నాడు. కోపం తగ్గింది. సగమే.

జూన్ 12, గురువారం

మా లైన్‌కు మనుషుల్ని పెట్టే కాంట్రాక్టర్ మల్లేశం అన్నను లెటర్ అడిగాను. అడిగేదాకా అనుకోలేదు, ఇంత చులకనగా నవ్వుతాడని.

"లెటరా? నా రిజిస్టర్ల నీ పేరు యాడుందమ్మా? యాదమ్మ పేరుంది. యాదమ్మకు గావాల్నంటే ఇప్పుడే ఇస్త."

నిజమే. చేరిన రోజు కంపెనీ కొత్త పేర్లు తీసుకోవట్లేదని చెప్పి, పని మానేసి అన్నోజిగూడ వెళ్లిపోయిన యాదమ్మ గేటు కార్డు మీద నా ఫొటో అంటించి ఇచ్చాడు. లైన్‌కు తలలు సరిపోతే చాలు కంపెనీకి. పని దొరికింది కదా, పేరుతో ఏం పని అనుకున్నాను. అంత తెలివి. నాలుగేళ్ల తర్వాత తిరిగొస్తే అదే కార్డు, ఫొటో మాత్రం కొత్తది.

నేను ఒక్కదాన్నే కాదు. మా లైన్లో ఇంకో ఆరుగురు అట్లాగే వస్తున్నారు. సువార్త ఎవరో లక్ష్మి పేరు మీద.

"గప్పుడు పని గావాలన్నవ్, ఇచ్చిన. గిప్పుడు లెటరంటె నేనేం జెయ్యాలె" అన్నాడు. ఏడేళ్ల నా పని యాదమ్మ చేసింది. ఆమెకు ఆ సంగతి కూడా తెలియదు.

జూన్ 13, శుక్రవారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. చేతులు నొప్పి. లైన్లో అట్టపెట్టెల మడత కొత్త రకం.

జూన్ 15, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారి దగ్గర ప్రవర్తన పత్రం తీసుకున్నాను. కాలేజీ లిస్టులో అదీ ఒకటి. "ఈమె సత్యవంతురాలు, సంఘంలో మంచి సాక్ష్యం గలది" అని అందంగా రాసిచ్చారు. తప్పు ప్రమాణం సంగతి అడుగుదామనుకున్నాను. వెనక బాప్తిస్మం పత్రాల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. "సంతోషమమ్మా, బాగా చదువు" అని తల మీద చెయ్యి పెట్టారు. సిగ్గేసింది.

జూన్ 19, గురువారం

పెట్టేశాను. సంతకం.

నోటరీ ముఖం కూడా ఎత్తలేదు, ముద్ర కొట్టాడు. నా మీద నాకే అసహ్యంగా ఉంది. పదహారేళ్లు ఒక్క సంతకంతో నేనే కొట్టేసుకున్నాను. ఇంకెవరినో తిట్టే హక్కు కూడా లేదు.

జూన్ 20, శుక్రవారం

కౌంటర్ సార్ కాగితాలన్నీ తిరగేశాడు. మెమోలు, టీసీ, ఫిట్‌నెస్, కామెర్ల టీకా చీటీ, అయ్యగారి పత్రం. గ్యాప్ కాగితం దగ్గరికొచ్చాక మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

"ఇదీ... ఇప్పుడు కరెక్ట్‌గా ఉందమ్మా."

ఇరవై ఎనిమిదిన ఇంటర్వ్యూ.

జూన్ 28, శనివారం

ముగ్గురు. మధ్యలో డాక్టరమ్మ, అటు ఒక పెద్దాయన, ఇటు ఫైళ్లతో కౌంటర్ సార్. డాక్టరమ్మ అడిగారు — "మిషన్ మీద ఉండగా పేషెంటు బీపీ పడిపోయింది. ఏం చేస్తావమ్మా?"

"ముందు మనిషిని చూస్త మేడమ్. ఆవలిస్తుండా, మాటకు మాట చెప్తుండా అని. టెక్నీషియన్‌ను పిలుస్త. కాళ్ల కింద ఎత్తు పెడ్త. మిషన్ ఒంట్లకెల్లి నీళ్లు గుంజుడు ఆపమంట."

పెద్దాయన పెన్ను కింద పెట్టాడు. నేను ఇంకా చెప్పాను. అత్తమ్మ గురించి, వద్దన్న పండ్లు దాచుకుని తినడం గురించి, నీళ్ల కోసం అలగడం గురించి. నోరు ఎండిపోతే ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టేదాన్నని.

తర్వాత ఒక ప్యాకెట్ ఇచ్చారు. రక్తం వడగట్టే గొట్టం. "ఇదేంటో చెప్పు" అన్నారు. చెప్పే ముందే నా చేతులు దాన్ని తిప్పేశాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అంచు పొడుగునా బొటనవేలితో సీలు. రోజుకు ఎన్ని వందలసార్లో చేసే పని, ఆపుకోలేకపోయాను.

డాక్టరమ్మ నవ్వారు. "మందుల కంపెనీలో ప్యాకింగ్ చేశావా?"

ఆవిడ మోచేతి కింద నా గ్యాప్ కాగితం. ఏ ఉద్యోగమూ చేయలేదని. కౌంటర్ సార్ నన్నే చూస్తున్నాడు, తల అడ్డంగా ఊపమన్నట్టు.

"చేసిన మేడమ్. ఏడేండ్లు. ఇప్పుడు గూడ చేస్తున్న."

"మరి ఇందులో..."

"అది తప్పు మేడమ్. లెటర్ దొరకలేదని అట్ల రాయించిన."

ఆవిడ కాగితం మొత్తం చదివారు. ఏదో రాసుకున్నారు. "సరే, వెళ్లమ్మా" అన్నారు. కోపమో కాదో తెలియలేదు. బయటికొచ్చాక మా ఆయనకు ఫోన్ చేశాను. "నిజం జెప్పిన" అన్నాను.

జూన్ 29, ఆదివారం

చెప్పకుండా ఉండాల్సింది. లేదు, చెప్పాల్సిందే. పొద్దున్నుంచి ఇదే.

జూలై 5, శనివారం

ఫోన్ మోగింది. కౌంటర్ సార్.

"సీటు వచ్చిందమ్మా మీకు. మేడమ్ గట్టిగా చెప్పారు, ఈమె ఉండాలని."

కళ్లనీళ్లొచ్చాయి. సంతోషం పూర్తిగా ఒక్క నిమిషం కూడా ఉండనివ్వలేదు ఆ మనిషి.

"కానీ ఆ గ్యాప్ కాగితం ఫైల్లో పెట్టలేం. నిజం రాయించుకుని రండి. పని చేసినట్టు ఏదో ఒక ఆధారం జతచేయాలి. గేటు కార్డు ఉన్నా చాలు. కంపెనీకి మేమే ఫోన్ చేసి కనుక్కుంటాం. బుధవారం నాలుగింటి లోపు."

"ఫోన్ ఎందుకు సార్?"

"రూలమ్మా."

జూలై 6, ఆదివారం

నిజమే రాద్దామని కూర్చున్నాను. పత్తి చేలు రాశాను. జాకెట్లు రాశాను. అత్తమ్మ నాలుగేళ్లు రాశాను, అది రాస్తుంటే గర్వంగా కూడా అనిపించింది. నాచారం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నా దగ్గరున్న ఆధారం ఒక్కటే. నా ముఖం, యాదమ్మ పేరు. అది పెడితే కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తారు. కంపెనీ ఒక్క కార్డు పట్టుకుంటే వరసపెట్టి అన్నీ చూస్తుంది. మల్లేశం అన్న ఎట్లాగో తప్పించుకుంటాడు. ఆ ఆరుగురూ మరుసటి పొద్దున గేటు బయట ఉంటారు.

అబద్ధం రాస్తే నా ఒక్కదానికే సిగ్గు. నిజం రాస్తే ఆరుగురి పని పోతుంది. ఇట్లాంటి రూలు ఎవరు పెట్టారో వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పేవాళ్లే లేరు.

జూలై 7, సోమవారం

మా ఆయన — "నీ సీటు నువ్వు సూస్కో. వాళ్లు నీ కోసం ఆగుతరా?"

తప్పేం అనలేదు. అయినా గిన్నెలన్నీ చప్పుడయ్యేట్టు తోమాను.

జూలై 8, మంగళవారం

అన్నం గంటలో సువార్తకు అంతా చెప్పాను. సీటు, కార్డు, ఫోన్. ఏడుస్తుందనుకున్నాను. కనీసం వద్దంటుందనుకున్నాను. అప్పుడు కోపం తెచ్చుకుని ఏదో ఒకటి తేల్చుకోవచ్చు కదా. ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

"నీకు వచ్చిన పని అక్కా అది. రాయి. వద్దని నేనెట్లంట?"

నీళ్లు తాగి — "ఇచ్చేది మాత్రం ఒక్కరోజు ముందుగాల జెప్పు. మిగిలినోళ్లకు నేను జెప్త. ఇంకో పని జూస్కుంటం."

డబ్బా కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయింది. తిరిగొచ్చి లైన్లో నా పక్కనే నిలబడింది. ఇద్దరం పెట్టెలు మూశాం. టీ గంటలో ఇది రాస్తున్నాను.

కాగితం ఇవ్వాల్సింది రేపు నాలుగింటికి. ఆమె అడిగిన ఆ ఒక్కరోజు ఈ రోజే. ఆరింటికి షిఫ్టు అయిపోతుంది. ఇస్తానో లేదో సువార్తకు ఇంకా చెప్పలేదు.